ముందు ఇంటి భాషలో వినండి

బడి పిల్లల్లో మాట, భాషా లోపాలు ఎంతమందికి ఉన్నాయి? ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇంకొకటి తేలాలి. పిల్లల మాట ఏ భాషలో విన్నారు? కువి, కుయి, సవర, దేశియా, తెలుగు మాట్లాడే ఇళ్లున్న ప్రాంతమిది. బడి భాష ఒడియా. టీచరు అడిగినదానికి ఆరేళ్ల కువి పిల్ల తల వంచుకుని నిలబడితే అది లోపమా, భాష తెలియకపోవడమా?

అమెరికాలోని అయోవాలో ఐదేళ్ల పిల్లలపై జరిగి 1997లో వెలువడిన అధ్యయనంలో నూటికి ఏడుగురికి భాషా లోపం కనిపించింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లోని సర్రేలోనూ లెక్క అక్కడికే వచ్చింది. చెవుడు, ఆటిజం, మేధో వైకల్యం వంటి కారణమేదీ లేని పిల్లలు వీళ్లు. అంటే 30 మంది తరగతిలో ఇద్దరు. మన 2011 జనగణన మాత్రం మాట వైకల్యం ఉన్నవారిని దాదాపు 20 లక్షలుగా తేల్చింది. అన్ని వయసులూ కలిపి వెయ్యికి ఇద్దరు కూడా కాదు. మన పిల్లలకు ఇబ్బంది తక్కువని దీనికి అర్థం చెప్పుకుంటే పొరపాటు. గడప దగ్గర అడిగే ఒక్క ప్రశ్నకు మూగతనం దొరుకుతుంది గానీ, కథ చెప్పమంటే రెండు ముక్కలతో ఆగిపోయే పిల్ల దొరకదు.

ఈ జిల్లాల్లో తప్పు రెండు వైపులా జరుగుతుంది. ఏ లోపమూ లేని పిల్లకు మొద్దు అన్న పేరు పడుతుంది. నిజంగా లోపమున్న పిల్లను 'ఒడియా రాదులే, మెల్లగా నేర్చుకుంటుంది' అని వదిలేస్తారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది రెండోదే. ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చినా ఎవరి కంటా పడదు.

తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధ్ పిల్లను కువి వచ్చిన మనిషి చేత అడిగించండి: బుధవారం అమ్మతో చాటికోన సంతకి వెళ్లావు కదా, ఏం తీసుకెళ్లారు, ఏం కొన్నారు, దారిలో ఎవరు కలిశారు? అనాసపళ్లు, పసుపు, ఉప్పు, రిబ్బను అంటూ వరస తప్పకుండా చెప్పుకుపోతే ఆ పిల్లకు కావలసింది ఓపికగా ఒడియా నేర్పే టీచరే. ఇంటి భాషలోనూ వాక్యం కుదరక, ఎవరు ఎవరికి ఇచ్చారో తారుమారవుతూ, తన చెల్లెలి కన్నా తక్కువగా మాట్లాడితే అప్పుడు అనుమానించాలి. అసలైన లోపం పిల్లకు వచ్చిన అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. రెండు మూడు భాషలు వినడం వల్ల మాత్రం లోపం రాదు. జయపురం, గుణుపురం తెలుగు ఇళ్లల్లో పిల్లలు తరతరాలుగా అలాగే పెరుగుతున్నారు. 'ఇంట్లో తెలుగు మానేయండి' అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

మన తెలుగు ఇళ్లల్లో ఇంకో రకం ఆలస్యం. వసకొమ్ము అరగదీసి నాకించి, 'వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యమే' అనుకుని ఊరుకుంటాం. మూడేళ్లవాడు కాకిని 'తాతి' అంటే ముద్దే. ఏడేళ్లకూ అదే అంటుంటే డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటే ముందు చెవి చూపించాలి. మధ్యచెవిలో చీము, నీరు నెలల తరబడి నిలిస్తే మాటలు లీలగా వినిపిస్తాయి. 'స', 'ష' లాంటి సన్నని ధ్వనులు జారిపోతాయి. పిల్లవాడికేమో పరధ్యానమని తిట్లు.

వినికిడి పోతే ఏమవుతుందో గిడుగు రామమూర్తికి అనుభవం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. సవరల కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో చెవులు పోగొట్టుకున్నారు. గుణుపురం వైపు సవర పల్లెల్లో నేటికీ అదే భాష. పిల్లలకు వాళ్ల భాషలోనే నేర్పాలన్న ఆయన మాటకు ఒడిశా ప్రభుత్వం 2007లో 10 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టి విలువిచ్చింది. చదువుకు ఒప్పుకున్నదాన్ని ఆరోగ్య పరీక్షకు ఎందుకు ఒప్పుకోరు?

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మాటల ఆలస్యమూ వినికిడి లోపమూ ఉన్నాయి. దాని వైద్య బృందం ఏడాదికోసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఒక్క పూటలో బడి మొత్తం చూడాల్సి వస్తే కళ్లు, పళ్లు, బరువు చూడగలరు గానీ మాట వినే తీరిక ఎక్కడిది? ఆ ఊరి భాష వచ్చిన ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ ఆయానో వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. తల్లిని రెండు మాటలు అడగాలి: మీ భాషలో వీడు తోటి పిల్లల్లా మాట్లాడుతున్నాడా? చెవి కారుతోందా? అనుమానం ఉన్నవాళ్లకు కోరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలోనే వినికిడి పరీక్ష జరగాలి. దానికోసం విశాఖ రైలెక్కాల్సిన పని ఉండకూడదు. ఆ తర్వాత చేయించాల్సిన మాటల సాధన తల్లికి తన భాషలోనే నేర్పాలి, రోజూ ఇంట్లో పిల్లవాడి చేత చేయించేది ఆవిడే కాబట్టి.