తాడుకు రెండో కొస

ఆంగ్లంలోని 'రీవైల్డింగ్' అనే మాటకు తెలుగు వెతకబోతే మొదటి అడుగులోనే చిక్కు వచ్చింది. 'వనీకరణ' అంటే మొక్కలు నాటడమనే అర్థం స్థిరపడిపోయింది. 'పునర్వన్యీకరణ' వ్యాకరణానికి లొంగుతుంది గాని నాలుకకు లొంగదు. ప్రస్తుతానికి 'మళ్ళీ అడవి కావడం' అని సరిపెట్టుకుంటున్నాను. ఇంతకన్నా మంచిమాట తోచినవారు చెబితే సంతోషం.

1990లలో అమెరికాలోని పర్యావరణవాదులు ఈ మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు అది నేలకు సంబంధించినది. తోడేళ్ళ వంటి మృగాలను తిరిగి రానివ్వడం, ముక్కలైన అడవులను కలపడం, ఆపైన ప్రకృతి పనిని ప్రకృతికే వదిలిపెట్టడం దాని తాత్పర్యం. తరువాత కొందరు దానిని మనిషికి అన్వయించారు. బీడు మళ్ళీ అడవి కాగలిగినప్పుడు మనిషి ఎందుకు కాకూడదన్నది వారి ప్రశ్న. అప్పటికే ఉన్న ఆదిమ విద్యల అభిమానులు, ఈ కొత్తవారు క్రమంగా ఒక గూటికి చేరారు.

ఆదిమ విద్యలకు అమెరికాలో కొంచెం పాత చరిత్రే ఉంది. లారీ డీన్ ఓల్సెన్ 1967లో 'అవుట్‌డోర్ సర్వైవల్ స్కిల్స్' అనే పుస్తకం ప్రచురించాడు. ఐడహో రాష్ట్రంలో జరిగే రాబిట్‌స్టిక్ సమావేశానికి 1978లో ఆయనే అంకురార్పణ చేశాడు. మధ్యలో ఆగిపోయిన ఆ సమావేశాన్ని 1988లో డేవిడ్ వెస్కాట్ మళ్ళీ నిలబెట్టాడు. ఇప్పుడు ఆ దేశంలో ఇటువంటివి చాలా జరుగుతున్నాయి. గుడారాలు వేసుకొని వారం రోజులుంటారు. పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించడం, రాతిని చెక్కి బాణపు మొన చేయడం, నారతో తాడు పేనడం, బుట్ట అల్లడం, తోలు పదును చేయడం నేర్పుతారు.

ఈ విద్యల కోసం వచ్చేవారిలో చాలామంది కోరుకునేది స్వావలంబన. కరెంటు, దుకాణం, జీతం లేకపోయినా బతకగలననే ధీమా కావాలి. నేనూ ఆ ఆశతోనే ఒక శరత్కాలంలో అటువంటి సమావేశానికి వెళ్ళి ఐదు రోజులున్నాను. అక్కడ చూసిన తరువాత నా అభిప్రాయం ఇది: ఈ విద్యలు మనిషిని స్వావలంబిని చేయవు. ఎంత చిన్న పనికైనా ఇంకొకరి చేయి ఎంత అవసరమో అవి తెలియజేస్తాయి. అక్కడ దొరుకుతుందని అందరూ చెప్పుకునే ఆత్మీయత ఆ అవసరం నుంచే పుడుతోంది.

నిప్పు సంగతే చూడండి. అరచేతుల మధ్య సన్నని పుల్లను తిప్పుతూ, కింది చెక్కలోని గుంటపై ఒత్తుతూ ఉంటే చేతులు క్రమంగా కిందికి జారుతాయి. వాటిని మళ్ళీ పైకి తీసుకొనేలోపు గుంటలోని వేడి తగ్గిపోతుంది. ఆరితేరినవారు ఒక్కరే సాధిస్తారు, కాదనను. నా వంటి కొత్తవాడికి బొబ్బలే ఫలితం. అదే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే, ఒకరి చేతులు కిందికి చేరేసరికి రెండోవారివి పైన అందుకుంటాయి. పుల్ల ఆగదు. కాసేపటికి నల్లని పొడిలో నిప్పుకణం కనబడుతుంది. మన యజ్ఞాలలో అరణి మథనం జరిగే తీరు కూడా ఇటువంటిదే. మథించే కొయ్యను పైనుంచి నొక్కిపట్టేవారు ఒకరు, తాడు లాగేవారు మరొకరు. 1975లో ఫ్రిట్స్ స్టాల్ చొరవతో కేరళలోని పాంజాళ్‌లో అతిరాత్రం జరిగినప్పుడు కూడా అగ్నిని అరణితోనే పుట్టించారు. అగ్గిపెట్టెలు దొరికే కాలంలోనే సుమండీ.

తోలు పని మరీ చిత్రం. జింకతోలుపై వెంట్రుకలు గీకి, ఆ జంతువు మెదడునే నీటిలో కలిపి పట్టిస్తారు. ఆపైన అది ఆరేదాకా సాగదీస్తూనే ఉండాలి. మధ్యలో వదిలితే అట్టలా బిగుసుకుపోతుంది. మెత్తబడ్డాక పొగ పెడితే, తరువాత తడిసినా మళ్ళీ మెత్తగా ఆరుతుంది. ఆ సాగదీసే పని ఇద్దరికి సుఖం, ఒక్కరికి శిక్ష. నేను ఒక కొస పట్టుకుంటే, అంతకుముందెన్నడూ చూడని ఒక పెద్దాయన రెండో కొస పట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా అలాగే లాగాము. నేను ఏ ఉద్యోగం చేస్తానో ఆయన అడగలేదు, ఆయనది నేను అడగలేదు. పరాయిదేశంలో మన తెలుగువారి విందుల్లో మొదటి ఐదు నిమిషాల్లోనే కంపెనీ పేరు, వీసా వివరం, ఇంటి ఖరీదు తేలిపోతాయి. ఆపైన మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఇక్కడ మా ఇద్దరి మధ్య ఒక తోలు ఉంది, ఆరకముందే ముగించవలసిన పని ఉంది. పరిచయానికి అది చాలింది.

ఒంటరి మనుగడ ఎంత కష్టమో తెలిపే ఉదాహరణ టీవీలోనే ఉంది. 2015లో అమెరికాలో 'అలోన్' అనే కార్యక్రమం మొదలైంది. నైపుణ్యం ఉన్న పదిమందిని వాంకూవర్ ద్వీపంలో వేరువేరు చోట్ల వదిలారు. చివరిదాకా నిలిచినవారికి ఐదు లక్షల డాలర్లు. మొదటిసారి గెలిచిన ఆలన్ కే 56 రోజులు ఉన్నాడు. అప్పటినుంచి వచ్చిన భాగాలలో ఆకలి, గాయాలు, జబ్బులు కొందరిని ఓడించాయి. నిప్పు, గూడు, తిండి సమకూర్చుకున్నవారు కూడా ఇంటివాళ్ళ మీద బెంగతో వెనుదిరగడం అందులో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. విద్యలో లోటు లేదు, పక్కన మనిషి లేడు.

ఆటగా కాక నిజంగానే ఆ ఒంటరితనం అనుభవించినవాడు ఇషీ. కాలిఫోర్నియాలో 1849 నాటి బంగారు వేట తరువాత యాహీ తెగవారిని వలసదారులు వేటాడి చంపారు. మిగిలిన కొద్దిమంది కొండల్లో దాక్కొని దశాబ్దాలు బతికారు. 1908లో సర్వేయర్లు వారి చివరి మకాంను కనిపెట్టి అక్కడి సామాను తీసుకుపోయారు. 1911 ఆగస్టు 29న ఓరోవిల్ పట్టణం దగ్గర ఒక కబేళా వద్ద అతడొక్కడే కనబడ్డాడు. తన పేరు తాను చెప్పుకోవడం వారి ఆచారం కాదు, అతడి పేరు చెప్పడానికి తనవారెవరూ మిగలలేదు. మానవశాస్త్రజ్ఞుడు క్రోబర్ పెట్టిన 'ఇషీ' అనే పేరుకు అతడి భాషలో 'మనిషి' అని అర్థం. నాలుగున్నరేళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రదర్శనశాలలో ఉండి, 1916 మార్చి 25న క్షయతో మరణించాడు. అతడి దగ్గర విలువిద్య నేర్చుకున్న వైద్యుడు సాక్స్టన్ పోప్ 1923లో రాసిన పుస్తకం అమెరికాలో విల్లుతో వేటాడేవారికి మూలగ్రంథమైంది.

నేడు ఆదిమ విద్యలు నేర్చేవారు ఇషీని గురువుగా తలచుకోవడం కద్దు. అతడికి తెలియని విద్య లేదు. అయినా ఆ విద్యలన్నీ కలిసి అతడికి ఒక పలకరింపును ఇవ్వలేకపోయాయి. 'విద్య నేర్చుకో, సమాజం దానంతట అదే వస్తుంది' అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఇషీ గుర్తుకు వస్తాడు. ఆ విద్యలను కన్నది ఒక జనసమూహం. అది చెదిరిపోతే మిగిలేది పనితనం మాత్రమే.

ఇది కడుపు నిండినవారి కాలక్షేపమని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అందులో సగం నిజమే. రుసుము కట్టి, సెలవు పెట్టి, కారులో వెళ్ళి నిప్పు పుట్టించడం నేర్చుకుంటాం. మా అమ్మమ్మ కాలంలో పొయ్యిలో నిప్పు ఆరితే పిడక పట్టుకొని పక్కింటికి వెళ్ళేవారు. నిప్పుతోపాటు ఆ ఇంటి కబురూ వచ్చేది. ఆ రాకపోకలను పోగొట్టుకున్నవాళ్ళం ఇప్పుడు వాటిని వారం రోజులకు అద్దెకు తెచ్చుకుంటున్నాం.

అంతకన్నా ముల్లులా గుచ్చే సంగతి మన నల్లమలలోనే ఉంది. చెంచులు తెలుగు మాట్లాడే అడవిబిడ్డలు. హైమండార్ఫ్ 1940 ప్రాంతంలో వారి మధ్య ఉండి, 1943లో వారిపై గ్రంథం వెలువరించాడు. కొండచరియలకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు కాచేది బావమరిదే అంటారు. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయని ఎరిగినవాడు గనుక అతడు తాడు వదలడు. ఆ వ్యవస్థలో తాడు పేనే నేర్పు ఎంత ముఖ్యమో, దాన్ని పట్టుకునే మనిషి ఎవరన్నది అంతకన్నా ముఖ్యం. ఇక్కడ ఆ విద్యను బంధుత్వం మోస్తోంది. అటువంటివారిని పులుల సంరక్షణ పేరిట అడవి లోపలి పెంటల నుంచి బయటికి తరలించే ప్రయత్నాలు జరుగుతూ వచ్చాయి. 2006 అటవీహక్కుల చట్టం వారికి నిలబడే చోటు కొంత ఇచ్చింది. అడవిలో ఉన్నవారిని బయటికి పంపుతూ, బయటివారు అడవి కావడం నేర్చుకుంటున్న కాలం ఇది. ఈ విద్యలను ప్రేమించేవారు ఆ హక్కుల ఊసెత్తకపోతే వారి ప్రేమను నేను నమ్మలేను.

అయితే మిత్రుడి వాదంలోని రెండో సగాన్ని నేను ఒప్పుకోను. ఆ వారం బూటకం కాదు. ఒకరి అవసరం ఒకరికి ఉన్నప్పుడు అపరిచితులు ఎంత త్వరగా దగ్గరవుతారో అది కళ్ళకు కట్టింది. లోపమల్లా ఆరో రోజున గుడారాలు పీకేయడంలో ఉంది. వారంలో పుట్టిన అవసరం వారంతోనే తీరిపోతే ఫోన్ నంబర్లు మిగులుతాయి, మనుషులు మిగలరు. అందుకే దూరపు సమావేశాల కన్నా, ఉన్న ఊళ్ళోనే ప్రతినెలా కలిసి బుట్టలల్లే, కాయలేరే చిన్న గుంపుల మీద నాకు ఎక్కువ నమ్మకం. అక్కడ ఈసారి రాని మనిషి కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తారు. జబ్బు పడితే ఇంటికి వెళ్ళి చూస్తారు.

ఒక్కడినే నిప్పు పుట్టించడం నాకు ఇప్పటికీ రాదు. దానికి పెద్దగా చింత లేదు. నా తాడు రెండో కొసను పట్టేవారెవరు, నేను ఎవరి తాడును వదలకుండా పట్టగలను అన్నవే ఇప్పుడు నన్ను వేధించే ప్రశ్నలు. మీ ఊళ్ళో ఇంకా ఇద్దరు లేనిదే సాగని పనులు ఏమేమి మిగిలి ఉన్నాయో తెలుసుకోవాలని ఉంది. చెప్పగలరా?