సెలవుల పట్టిక



నూతన సంవత్సరపు సెలవుల పట్టిక వెలువడినంతనే, "శ్రీరామనవమికి సెలవేల లేదు?" అని మనవారు కొంద రడుగుట పరిపాటి. అడుగుట తప్పు గాదు. అయినను పట్టికను తుదివరకు చదువవలెను.

మన మారిషస్ ద్వీపమున కాథలికులకు క్రిస్మసు గలదు. గుడ్ ఫ్రైడేకు సెలవు లేదు. ఆగస్టు 15న మరియమాత పండుగ, నవంబరు 1న సకల పునీతుల పండుగ. ఒక యేట నొకటి, మరుసటి యేట రెండవదియే సెలవు. ముస్లిములకు రంజాను గలదు, బక్రీదు లేదు. తమిళులకు తైపూసము, చీనీయులకు వసంతోత్సవము, మనకు ఉగాది. పొరుగువానికి చోటిచ్చుటకై ప్రతివారును తమ పండుగలలో కొన్నింటిని విడిచినవారే.

చెంతనున్న రీయూనియన్ ద్వీపమును జూడుడు. 1828లోనే యానాం నుండి తెలుగు కూలీలు చేరిన నేల యది. అచ్చట కాథలికులే యధికులు. ముస్లిములును హిందువులును అల్పసంఖ్యాకులు. ఫ్రెంచి చట్టము ననుసరించి ఈస్టరు సోమవారమునకు, సకల పునీతుల పండుగకు సెలవు గలదు. రంజానుకు గాని, దీపావళికి గాని, ఉగాదికి గాని లేదు.

ఇక బ్రదుకుతెరువునకై కతారు దేశమేగి, దోహా చెంత అల్ అజీజియా వంటి పేటలలో నుండు తెలుగువారికిని ఉగాది సెలవు లేదు. ఆదివారము పనిదినమగుటచే అచ్చటి కాథలికులు శుక్రవారమే పెద్దసంఖ్యలో ప్రార్థనకు గూడుదురు.

మన యుగాదియు రంజానును చంద్రుని ననుసరించునవే. మనకు అధికమాసము గలదు, వారికి లేదు. కనుక రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. అయినను 2024, 2025 సంవత్సరములలో ఒకే యమావాస్య వెంబడి రెండు పండుగలును వచ్చినవి. మనము పచ్చడి పంచిన వారముననే వారు సేమియా పంచిరి.

కావున సోదరులారా, సెలవు లేని పండుగలను గూర్చి యొక మాట. గుడ్ ఫ్రైడేనాడు తోడి పనివాని బదులు మనము కొన్ని గంటలు నిలిచినచో అతడు చర్చికి పోగలడు. బక్రీదునాడును అట్లే చేయుదము. శ్రీరామనవమినాడు మన బదులు నిలువుమని వారి నడుగుటకు అప్పుడు మనకు మొగము చెల్లును.