మరుగుజ్జులు పుట్టుకతోనే మరుగుజ్జులా?

మహా గెలాక్సీల చుట్టూ పరిభ్రమించే చిన్న గెలాక్సీలను శాస్త్రజ్ఞులు మరుగుజ్జు గెలాక్సీలంటారు. వాటిలో అధిక భాగం పలుచని నక్షత్ర సముదాయాలు. కొన్ని మాత్రం కొద్దిపాటి చోటులోనే కోట్లాది నక్షత్రాలను ఇముడ్చుకొని మిక్కిలి సాంద్రంగా ఉంటాయి. ఇవి మొదటినుండి ఇంతేనా, లేక ఒకప్పటి పెద్ద గెలాక్సీల శేషాలా? ముఖ్యమైన ఉదాహరణల విషయంలోనైనా రెండవ పక్షమే బలమైనదని నా అభిప్రాయం.

ఆండ్రోమెడా గెలాక్సీని క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుల్ రహ్మాన్ అల్ సూఫీ ఒక చిన్న మేఘంగా తన గ్రంథంలో నమోదు చేశాడు. దాని చెంతనే ఉన్న ఎం 32 అనే మరుగుజ్జును 1749లో లె జాంటీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. నక్షత్రాలు పేలినపుడు వెదజల్లబడే బరువైన మూలకాలను పట్టి ఉంచే ఆకర్షణశక్తి చిన్న గెలాక్సీలకు చాలదు. కనుక ఆ మూలకాలలో అవి నిరుపేదలు. ఎం 32 మాత్రం తన పరిమాణానికి మించిన సంపన్నురాలు! పూరిపాకలో వెండి పళ్లెరాలు కనిపిస్తే ఆ కుటుంబం ఒకప్పుడు బాగా బ్రతికినదని ఊహించమా? సుమారు 200 కోట్ల సంవత్సరాల క్రితం ఆండ్రోమెడా ఒక పెద్ద గెలాక్సీని కబళించిందనీ, దాని గర్భభాగమే ఎం 32గా మిగిలిందనీ 2018లో డిసౌజా, బెల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

పెద్ద గెలాక్సీలకు దూరంగా ఒంటరిగా ఉన్న సాంద్ర మరుగుజ్జుల మాటేమిటని ఎదుటి పక్షం ప్రశ్న. అవి గెంటివేయబడినవని 2015లో కొందరు సమాధానమిచ్చారు. అది అన్నిటికీ వర్తిస్తుందని నేననుకోను. కొన్ని అలాగే పుట్టి ఉండవచ్చు.

ఇటువంటి శేషమే కాదగినది మన ఆకాశంలోనే ఉన్నది. దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి నక్షత్రాలతో వెలిగే ఒమేగా సెంటారిని చిరకాలం కేవలం నక్షత్రగుచ్ఛంగానే ఎంచారు. అందులో పలు తరాల నక్షత్రాలున్నాయి. నడుమ కనీసం 8,200 సూర్యుల ద్రవ్యరాశిగల కృష్ణబిలమున్నదనడానికి 2024లో ఆధారాలు వెలువడినాయి. పాలపుంత మ్రింగిన ఒక మరుగుజ్జు గెలాక్సీ కేంద్రమిదని పలువురి విశ్వాసం.

హైదరాబాదులో ఇది దక్షిణ దిగంతంపై సుమారు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కాని ముషీరాబాదు మిద్దెలపై నుండి ఆ దిక్కుకు చూస్తే మనకు దక్కేది చిక్కడపల్లి, నారాయణగూడల దీపకాంతి మాత్రమే. ఈ నగరంలోనే 1901లో నవాబు జఫర్ జంగ్ నిజామియా వేధశాలను నెలకొల్పాడు. అంతర్జాతీయ ఆకాశపటానికై అక్కడ లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచారు. తరువాత 1968లో ఉస్మానియా వారు 48 అంగుళాల దూరదర్శినిని నగర దీపాలకు దూరంగా రంగాపూరులో నిలిపారు. అట్టి నగరపు విద్యార్థి గెలాక్సీని పాఠ్యపుస్తకపు బొమ్మలో మాత్రమే చూడడం నాకు కష్టంగా ఉన్నది.

విహారయాత్రలకు ఏటా కొంత ధనం కేటాయించే కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. పరీక్షలు ముగిసిన పిమ్మట, మే నెల అమావాస్యనాడు, ఊరి వెలుపలి చీకటికి ఒక బస్సు ఏర్పాటు చేయించండి. రాత్రి పది గంటల వేళకు అది నడిదక్షిణానికి చేరుతుంది. చూడడానికి సాధారణమైన బైనాక్యులరు చాలును.