అరవై దాటితే మనిషి కాడా?

"అరవై దాటినోడికి ఇంకేం గావాలప్పా? సూదులు గుచ్చినారు, ముక్క తీసినారు, మాత్రలిచ్చినారు. రెండ్రోజులు పండుకుంటే సరిపాయె!" ప్రోస్టేట్ బయాప్సీ చేయించుకొని తిరుపతి నుంచి వచ్చిన ఒకాయన గురించి మొన్న వడమాలపేట టీ అంగడిలో ఒక పెద్దమనిషి తేల్చేసిన మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

రెండ్రోజులా? మలద్వారంలో అల్ట్రాసౌండ్ గొట్టం పెట్టి, మామూలుగా పది పన్నెండు చోట్ల సూదితో ముక్కలు తీస్తారు. అట్లా చేయించుకున్న 1,147 మంది అనుభవాలను 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. 35 రోజుల లోపల దాదాపు 93 శాతం మందికి వీర్యంలో, 66 శాతం మందికి మూత్రంలో రక్తం పడింది. 44 శాతం మంది నొప్పి పడ్డారు. 17 శాతానికి పైగా మందికి జ్వరం వచ్చింది. చాలామందికి ఇవి వాటంతటవే తగ్గుతాయి. ఆ సంగతి ముందే చెప్పడానికి డాక్టర్లకు నోరు రాదా? చెప్పకపోతే, ఎరుపు చూసిన మనిషి క్యాన్సర్ ముదిరిందనుకొని భార్యతో కూడా అనలేక కుమిలిపోతాడు. కొందరికి కొన్నాళ్లు అంగస్తంభన తగ్గుతుంది. అది అడిగితే "ఈ వయసులోనా?" అని నవ్వుతారు. ఆ నవ్వు క్రూరం.

పక్కనే ఎముకల కట్టుకు పేరుబడ్డ పుత్తూరు. చెయ్యి విరిగి అక్కడ కట్టు కట్టించుకొని వస్తే ఊరంతా పలకరిస్తుంది. బయాప్సీ అయినవాణ్ణి "మూత్రం సాఫీగా వస్తోందా?" అని అడిగే దిక్కు లేదు. పైగా ఆపుకోలేని మనిషిని కిక్కిరిసిన బస్సెక్కించి పంపుతాం. మన బస్టాండ్ల మరుగుదొడ్లలోకి ఆరోగ్యవంతుడే ముక్కు మూసుకొని పోవాలి, ఆయనేం పోతాడు? రోడ్లకు కోట్లు పోసే ప్రభుత్వాలకు ఇది పట్టదు.

సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందనే భయం వేరే సంగతి. అట్లా పాకడం చాలా అరుదు. అవసరమైన బయాప్సీ మానొద్దు.

ముందు ఎంఆర్ఐ తీస్తే కొందరికి సూదే తప్పుతుంది. మలద్వారం గుండా కాక దాని ముందున్న చర్మం గుండా గుచ్చే పద్ధతీ ఉంది. ఏదీ కుదరకపోతే, డాక్టర్లూ, తర్వాత ఏమేం రావచ్చో తెలుగులో ఒక కాగితం రాసివ్వండి, వారానికి ఒక ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట: బయాప్సీ తర్వాత చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా తెల్లారనీ అనొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోండి.