అమెరికా సలహా, చెన్నై రివాల్వర్: తూటాల విషయంలో మన ఇళ్లు చూసుకోవలసింది వేరే

ఆత్మరక్షణకు ఎలాంటి తూటా మంచిదన్న చర్చ ఈమధ్య అమెరికా నుంచి నేరుగా మన ఫోన్లలోకి వచ్చేస్తోంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడ్డ పిల్లలు అక్కడి వీడియోలు చూసి, చెన్నైలో లైసెన్సు రివాల్వర్ ఉన్న నాన్నకో పెదనాన్నకో పంపిస్తారు. హాలో పాయింట్ వాడాలని, ఫలానా కంపెనీదైతే ఒక్క దెబ్బకే మనిషి పడిపోతాడని వాటి సారం. ఆ సలహా అక్కడికి సరిపోతుందేమో. ఇక్కడ మాత్రం తుపాకీ వేరు, చట్టం వేరు, ఇంటి గోడకు అవతల ఎవరున్నారన్న లెక్క కూడా వేరు.

ముందు తుపాకీ సంగతి. మనవాళ్లలో ఆయుధ లైసెన్సు ఉన్న ఇళ్లు తక్కువే. నగల వ్యాపారం, రైసు మిల్లు, ఫైనాన్సు, లేదంటే ఊళ్లో ఇంకా పొలాలున్న పాత కుటుంబాలు. 9 ఎం.ఎం. తూటా సైన్యమూ పోలీసులూ వాడేది కాబట్టి మన దేశంలో నిషిద్ధ బోరు కింద వస్తుంది, సామాన్యుడికి దొరకదు. అందుకే చేతి తుపాకీ అంటే మన ఇళ్లల్లో దాదాపుగా పాయింట్ 32. కాన్పూర్ కర్మాగారం 2014లో తెచ్చిన నిర్భీక్ అయినా, 2023లో వచ్చిన ప్రబల్ అయినా, తాతగారి నాటి వెబ్లీ అయినా అదే బోరు.

కానీ ఆ 32లో రెండు రకాలున్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. రివాల్వర్‌లో వాడేది 1896 నాటి పొడవు తూటా. అడుగున వెడల్పు అంచు, ముందు సుమారు 6.3 గ్రాముల గుండ్రటి సీసపు గుండు. పిస్టల్‌ది 1899లో బ్రౌనింగ్ రూపొందించిన పొట్టి తూటా. దాని గుండుకు రాగి తొడుగు ఉంటుంది, బరువు 4.6 గ్రాములు. పేరులో అంకె ఒకటే అయినా ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్లలో దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చడం ప్రమాదం. డీలరు దగ్గర కొనేటప్పుడు పెట్టె మీద ఏముందో, లైసెన్సులో ఏముందో పక్కపక్కన పెట్టి చదువుకోవాలి.

ఇక హాలో పాయింట్. గుండు మొనలో చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఆ మొన పువ్వులా విచ్చుకుంటుంది. ఈ తరహా విచ్చుకునే గుండుకు పేరు తెచ్చింది మన దేశమే. కలకత్తా దగ్గరి డమ్ డమ్ కర్మాగారంలో 1890లలో బ్రిటిష్ వాళ్లు తయారు చేసిన రైఫిల్ తూటా నుంచే ‘డమ్ డమ్ బుల్లెట్’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. 1899లో హేగ్ ప్రకటన యుద్ధాల్లో దాన్ని వాడకూడదంది. అయినా అమెరికా పోలీసులు ఇప్పటికీ విచ్చుకునే తూటాలే వాడతారు. దానికి వాళ్ల కారణం వాళ్లకుంది: విచ్చుకున్న గుండు వేగం కోల్పోయి ఒంట్లోనే ఆగుతుంది, దూసుకుపోయి వెనకున్న వాళ్లకు తగలదు. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక ఆ సంస్థ ఒక కొలత పెట్టుకుంది. పరీక్ష కోసం వాడే జెల్‌లో గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు.

ఈ కొలత 9 ఎం.ఎం. లాంటి బలమైన తూటాలకు అందుతుంది. మన రివాల్వర్ తూటాకున్న బలం అందులో మూడో వంతు కూడా ఉండదు. సెకనుకు 215 మీటర్ల చొప్పున పోయే బరువైన సీసపు గుండు అది. ఇంత నెమ్మది గుండుకు గుంట పెడితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. విచ్చుకుంటే లోతుకు దిగక ముందే ఆగిపోతుంది. లేదా గుంటలో బట్ట పీచు కూరుకుని మామూలు గుండులాగే పోతుంది. పిస్టల్‌లో ఇంకో చిక్కు ఉంది. హాలో పాయింట్ తూటా కాస్త పొట్టిగా ఉండడంతో మ్యాగజైన్‌లో ముందుకూ వెనక్కూ కదిలి, ఒకదాని అంచు ఇంకొకదాని అంచు వెనక ఇరుక్కోవచ్చు. అప్పుడు రెండో తూటా పైకి రాదు. ఖరీదైన విదేశీ తూటా కోసం తిరిగేకన్నా మామూలు తూటా, కొత్తది, మన తుపాకీలో ఆగకుండా పేలేది చాలు.

గుండు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న మాత్రం ఇక్కడ ఇంకా పెద్దది. టీ నగర్, పెరంబూర్ అపార్ట్‌మెంట్లలో మన హాలు తలుపుకు ఎదురుగా పక్కింటివాళ్ల తలుపుంటుంది. చింతాద్రిపేట సందుల్లో వీధంతా మనుషులే. భారతీయ న్యాయ సంహిత 44వ సెక్షన్ ఈ పరిస్థితినే చెబుతుంది. ప్రాణం మీదకు వచ్చిన దాడిని, నిర్దోషులకు హాని జరిగే ప్రమాదం లేకుండా ఎదుర్కోలేని స్థితిలో ఉంటే, ఆ ప్రమాదానికి సిద్ధపడే హక్కు కూడా ఆత్మరక్షణలో భాగమే. కానీ వేరే దారి లేదన్నది తేలాలి కదా. అవసరానికి మించిన హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటుంది. మన మీదికి వచ్చినవాడు ఎవరన్నదే కాక, అతని వెనక ఎవరున్నారన్నది కూడా రేపు ప్రశ్న అవుతుంది. ఏ కంపెనీ తూటా కొన్నా అక్కడ జవాబు చెప్పేది మనమే.

నన్నడిగితే మన ఇళ్లల్లో అసలు సమస్య తూటా రకం కాదు, దాని వయసు. మద్రాసులో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. 1967 జనవరి 12న రామావరం ఇంట్లో ఎం.జి.ఆర్.ను నటుడు ఎం.ఆర్. రాధా కాల్చి, తర్వాత తననూ కాల్చుకున్నారు. ఇద్దరూ బతికారు. చెవి దగ్గర దిగిన గుండు ఎం.జి.ఆర్. మెడలో ఉండిపోయి ఆయన గొంతునే మార్చేసింది. మెడకు కట్టుతో ఉన్న ఆ ఫొటో వచ్చే నెల ఎన్నికల్లో ఊరంతా కనిపించింది. ఆ తూటాలు ఏళ్ల తరబడి డ్రాయరులో పడి ఉన్నవని, మందు సత్తువ తగ్గిపోవడం వల్లే ఇద్దరూ దక్కారని ఆ కేసు గురించి రాసినవాళ్లు ఈనాటికీ చెబుతుంటారు.

అక్కడ పాత తూటా ప్రాణం నిలబెట్టిందంటారు. ఆత్మరక్షణ కోసం దాచుకున్నవాడికి మాత్రం అదే తూటా ఎదురు తిరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కితే పేలకపోవచ్చు. సగం పేలి గుండు గొట్టంలోనే ఇరుక్కోవచ్చు, అది చూసుకోకుండా రెండోసారి నొక్కితే గొట్టమే పగులుతుంది. చెన్నై ఉప్పుగాలిలో ఇత్తడి త్వరగా పాడవుతుంది. తోలు బెల్టులో గుచ్చి ఉంచితే మరీను: తోలు పదును చేసే రసాయనాలకు ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టినవి, గుండు వదులైనవి, అడుగున క్యాప్ నల్లబడినవి వాడకూడదు. నూనె రాసి మెరిపిద్దామనుకుంటే ఆ నూనె క్యాప్‌లోకి దిగి మొదటికే మోసం. తూటాలను వాటి పెట్టెలోనే, పొడిగా, తుపాకీకి దూరంగా, తాళం వేసి ఉంచాలి. ఏడాదికి ఎన్ని కొనవచ్చో, ఒకసారికి ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఆ లెక్కకు భయపడి పదేళ్లు అవే ఆరు తూటాలు దాచుకునే కన్నా, అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలో పాతవి కాల్చేసి కొత్తవి తెచ్చుకోవడం మేలు. చేతికి అలవాటూ అవుతుంది.

ఇంటి పెద్ద పోయాక వచ్చే చిక్కు ఇంకొకటి. తుపాకీ సంగతి అందరికీ గుర్తుంటుంది, బీరువా అడుగున చీరల కింద ఉన్న తూటాల డబ్బా గుర్తుండదు. లైసెన్సుదారు మరణించగానే ఆయుధాన్ని, తూటాలను ఆలస్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. లైసెన్సు లేకుండా తూటాలున్నా నేరమే. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండు నుంచి ఐదేళ్లు. తన దగ్గర ఉందన్న ఎరుక ఉంటేనే ‘కలిగి ఉండడం’ అవుతుందని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. మీనంబాక్కం విమానాశ్రయంలో నాన్నగారి పాత సంచిలో తూటా బయటపడితే ఆ తీర్పు చివరికి కాపాడవచ్చు, ఆలోపు విమానం వెళ్లిపోతుంది, కేసు నడుస్తుంది.

పెద్దలు బతికుండగానే దీన్ని చక్కబెట్టుకునే వీలుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, వారసుడి పేరిట లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చని 2016 నిబంధనలు అంటున్నాయి. నగరంలో పోలీస్ కమిషనర్ కార్యాలయం, జిల్లాల్లో కలెక్టర్ కార్యాలయం చూస్తాయి. 2019 నుంచి ఒక్కొక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదన్నది, తాతల నాటివి కూడా ఆ లెక్కలోకే వస్తాయన్నది మరిచిపోవద్దు. ఎన్నికలప్పుడు తుపాకీ అప్పగించమన్నా అంతే, రసీదులో తుపాకీ నంబరుతో పాటు తూటాల లెక్క కూడా రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే స్టేషన్ బల్ల మీదే లెక్కపెట్టుకుని, చిలుము పట్టినవేవైనా ఉంటే ఏం చేయాలో అక్కడే అడగండి. చెత్తబుట్టలోనో కూవం నదిలోనో పారేసే పని మాత్రం వద్దు.