ముష్టికి రెండర్థాలు

సంస్కృతంలో ముష్టి అనగా పిడికిలి. తెలుగులో అదే పదం పిడికెడు బియ్యమై, పిమ్మట బిచ్చమై స్థిరపడింది. ముష్టియుద్ధం చేసేవారికి ఈ రెండవ అర్థపు ముష్టి వేయరాదన్నదే నా వాదం. మిత్రులు కోపించినా సరే.

నిఖత్ జరీన్ విషయమై మా కంచరపాలెంలో రెండు పక్షాలున్నాయి. "1996లో పుట్టిన మనిషి, 2028కి ముప్ఫైరెండు నిండుతాయి, ఇంకేముందండీ?" అని ఒక పక్షం. "రెండుసార్లు జగజ్జేత! ఆమెకు మళ్ళీ ఎంపిక పోటీలేమిటి? నేరుగా లాస్ ఏంజిలిస్ పంపక!" అని రెండవ పక్షం. నిజామాబాదు పిల్లపై విశాఖవారికింత పట్టింపేమని దూరపు మిత్రులకు తోచవచ్చు. 2009లో ఆమె శిక్షణకు చేరింది విశాఖ సాయ్ కేంద్రంలోనే, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారి వద్దనే. ఈ ఉప్పుగాలి పీల్చినవారందరూ మావారే.

రెండు పక్షాలవారూ బరిలో తేలవలసినదానిని బరి బయటే తేల్చివేస్తున్నారు.

2019ని గుర్తు చేసుకోండి. ఆ ఏడు ప్రపంచ పోటీలకు యాభైయొక్క కిలోల తరగతిలో ఎంపిక పోటీ పెట్టకుండానే మేరీ కోమ్‌ను పంపారు. ఆమె కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ అర్హతా పోటీలకు కూడ అలాగే పంపే మాట వినబడగానే, ఇరవైమూడేళ్ళ నిఖత్ నాటి క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు ఉత్తరం వ్రాసింది. అడిగినది పదవి కాదు, పోటీ. పెద్దంతరం చిన్నంతరం లేదని ఎందరో ఆమెను ఆడిపోసుకున్నారు. డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. మేరీ 9-1 తేడాతో గెలిచింది. అనంతరం చేయి కలపలేదు. అది ఆ మహాయోధకు శోభించలేదనే అంటాను. కాని ఆ రోజు లాభం ఎవరికి? మేరీకే! అంతవరకు ఆ స్థానం ఆమెకు పెద్దలు వేసిన ముష్టి. ఆ సాయంత్రం నుండి అది ఆమె పిడికిలి సంపాదించుకున్నది.

టోక్యో క్రీడలు ఏడాది వాయిదా పడ్డాయి. 2021 జూలై 29న, ముప్ఫైయెనిమిదేళ్ళ వయసులో, మేరీ అంతకుముందు ఓడించిన కొలంబియా యోధ ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలోనే 2-3తో ఓడింది. అప్పుడు "నిఖత్‌ను పంపి ఉంటేనా!" అన్నవారున్నారు. ఆ మాట అన్యాయం. పోటీ పెట్టమన్నాం, పెట్టారు, ఓడాం. అయితే ఒకటి: ఎంపిక పోటీ మజ్జిగ వంటిది, నిలవ ఉంటే పులుస్తుంది. పందొమ్మిది నెలల నాటి గెలుపు, అందునా వయసు మీరిన యోధ గెలుపు, ఎంతవరకు చెల్లుతుంది?

ఇక ముప్ఫై దాటితే ముగిసినట్లే అనేవారికి. 2024 పారిస్‌లో నిఖత్‌ను 5-0తో ఓడించిన చైనా యోధ వూ యూ ఆ తరగతిలో స్వర్ణం గెలిచింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో క్వార్టర్ ఫైనల్‌లో ఓడించినది తుర్కియే యోధ బూసె నాజ్ చాకిరోలు. ఈమె కూడ 1996లోనే, నిఖత్ కంటె కొన్నాళ్ళు ముందే పుట్టింది! పెద్దది చిన్నదానిని ఓడిస్తే, తప్పు వయసుదెలా అవుతుంది? 2022లో సోఫియాలో ఇదే చాకిరోలును నిఖత్ ఓడించింది. ఆ ఇద్దరి లెక్క ఇంకా తెగలేదు. పైగా 2025 నవంబరులో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్ స్వర్ణం గెలిచింది.

వయసును తక్కువ చేయడం లేదు. 1980లో ముప్ఫైయెనిమిదేళ్ళ మహమ్మద్ అలీ, లారీ హోమ్స్ చేతిలో తిన్న దెబ్బలు తలచుకుంటే నేటికీ కడుపు తరుక్కుపోతుంది. 1994లో జార్జ్ ఫోర్‌మన్ నలభైయైదవ ఏట జగజ్జేత అయినాడు. ఈ ఇద్దరినీ ఏ పుట్టినతేదీ కాగితం వేరుచేసి చెప్పగలదు? వైద్యుడు చెప్పగలడు, బరి చెప్పగలదు. (యాభై దరిదాపుల్లో పెళ్ళికొడుకైన రాజును "కేరాఫ్ కంచరపాలెం"లో చూసి ఈలలు వేసినవారే, ముప్ఫయ్యేళ్ళ పిల్లను ముసలిది అంటున్నారు!)

"విరమించు" అనడం సులభం. విరమించిన మర్నాడు ఏమి తినాలో చెప్పరు. నిఖత్‌కు 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, మంచిదే. మా విశాఖ ఆడపడుచు ఎన్. ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది, అదీ మంచిదే. పతకం దాకా రాని పిల్లల మాటేమిటి? పళ్ళు రాలి, ముక్కు వంకరపోయి, ముప్ఫయ్యవ ఏట డిగ్రీ కూడ లేకుండా ఇల్లు చేరేవారు ఈ ఊళ్ళో లేరనుకోకండి. ముందు వారికి దారి చూపి, తరువాత "చాలించు" అనండి.

రెండవ పక్షంవారికి ఒక్క మాట. 2019లో నిఖత్ అడిగినదానినే రేపు మరొక ఇరవైమూడేళ్ళ పిల్ల అడుగుతుంది, ఈసారి నిఖత్‌తో తలపడతానని. కాదనవద్దు. ఆ పిల్ల మంత్రిగారికి ఉత్తరం వ్రాయదలిస్తే, వ్యాకరణదోషాలు లేకుండా నేను దిద్దిపెడతాను.