గూటి సందు మూద్దాం

పదహారో శతాబ్దంలో మదురైలో విశ్వనాథ నాయకుడి ఏలుబడి మొదలైన కాలంలోనూ, అంతకు ముందూ వెనుకా దక్షిణానికి తరలివెళ్లిన తెలుగువాళ్లకు కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో సొంత ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల పెరళ్లలో నాటుకోళ్లు తిరుగుతూనే ఉంటాయి. సేద్యం లెక్కలు ఇంటాయనవైతే, గుడ్ల డబ్బు చాలా ఇళ్లలో ఇల్లాలిది. తెల్లారి గూటి తలుపు తీసేసరికి రెండు పిల్లలు తక్కువైతే ఆమెకది చిన్న నష్టం కాదు.

గూట్లో పాము కనబడగానే కర్ర అందుకుంటారు. ఆడి మాసపు శుక్రవారం పుట్టలో పాలు పోసి, గుడ్డు పెట్టి మొక్కిన చేతులే అవి. వాళ్లను తప్పుపట్టడానికి మనసొప్పదు. కానీ ఒక పామును చంపితే ఇంకొకటి వస్తుంది. పామును పెరట్లోకి రప్పించేది చాలాసార్లు ఎలుకలే. సాయంత్రం చల్లిన నూకలు, జొన్నలు మిగిలిపోతే చీకటిపడ్డాక ఎలుకలు చేరతాయి, వాటి వెనకే జెర్రిపోతో, నాగుపామో వస్తుంది. వచ్చింది కాబట్టి పిల్లనో, గుడ్డునో కూడా మింగుతుంది. జెర్రిపోతుకు విషం లేదు, పొలంలో ఎలుకలను తగ్గించేదీ అదే. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం నాగుపాముతో పాటు దాన్నీ అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో చేర్చింది.

గుడ్డు మింగిన పాము ఒక్కోసారి తెల్లారేదాకా గూట్లోనే దొరుకుతుంది. ఏ సందులోంచి లోపలికి దూరిందో, పొట్ట ఉబ్బాక ఆ సందులోంచే బయటికి పోలేదు. మూయాల్సింది ఆ సందునే. గూటిని నేలకు రెండడుగుల ఎత్తున నిలబెట్టి, పావు అంగుళం కన్నుల ఇనుప జాలీని పక్కలకే కాదు, అడుగుకూ బిగించాలి. తలుపు కింద వేలు పట్టే ఖాళీ కూడా ఉండకూడదు. నైలాను వల మాత్రం చుట్టొద్దు. పాము అందులో చిక్కుకుని నరకయాతన పడి చస్తుంది, విడిపించబోయిన మనిషికి కాటు తప్పకపోవచ్చు. వెల్లుల్లి, ఫినాయిలు చల్లి నిశ్చింతగా పడుకోవడం అంతకన్నా ప్రమాదం. మిగిలిన మేత ఊడ్చేసి, గూటి పక్కన పేర్చిన కట్టెలూ రాళ్లూ దూరంగా వేస్తే అసలు పని సగం అయినట్టే.

కోళ్లకంటే ముందు మనం ఆలోచించాల్సింది మసక వెలుతురులో గుడ్ల కోసం గూట్లోకి పోయే ఆ ఇల్లాలి చెయ్యి గురించి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏటా సుమారు 58 వేల మంది చనిపోయారని అంచనా, ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లే. 2024లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి పాముకాటునూ ఆసుపత్రులు తప్పనిసరిగా తెలపాలని ఉత్తర్వు ఇచ్చింది. మంచి నిర్ణయం, ఇంటి జాగ్రత్త కూడా దానికి తోడవ్వాలి. గూటి పక్కనే ఒక టార్చిలైటు వేలాడదీయండి, అది వేసి చూడకుండా ఎవ్వరినీ లోపల చెయ్యి పెట్టనివ్వకండి. ఖర్మకాలి కాటు పడితే బిగించి కట్టొద్దు, కోయొద్దు, మంత్రాలకు పొద్దు పోనివ్వొద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.